రిపోర్టులో కనిపించని నొప్పి అబద్ధమా?

ఈ వారంలో అదే మెసేజ్ నాకు రావడం ఇది నాలుగోసారి. "నొప్పి అంతా మెదడు ఆడించే ఆట. 2021 నోబెల్ రుజువు చేసింది ఇదే. మనిషి శరీరం 45 డెల్‌ల నొప్పిని మాత్రమే భరించగలదు. స్కాన్‌లో ఏమీ లేకపోతే మీది నొప్పి కాదు, భ్రమ. పట్టించుకోకపోతే అదే పోతుంది." పంపినవాళ్లంతా నాకు కావలసినవాళ్లే. అందుకే ఇన్నాళ్లూ ఊరుకున్నాను.

డెల్ అనే కొలమానమే లేదు. 1940లలో కార్నెల్ విశ్వవిద్యాలయంలో హార్డీ, వుల్ఫ్, గూడెల్ అనే పరిశోధకులు నొప్పిని కొలవడానికి 'డోల్' అని ఒకటి పెట్టారు. నుదుటి మీద దీపం వేడి పడేలా చేసి కొలిచేవారు. దాని గరిష్ఠం 10.5. అది కూడా వాడుకలో నిలవలేదు. ఆ 45 గురించి ఇంతకంటే అనవసరం.

నోబెల్ సంగతి పూర్తిగా తలకిందులు చేశారు. ఆ బహుమతి అందుకున్న డేవిడ్ జూలియస్, ఆర్డెమ్ పటపూటియన్, వేడీ స్పర్శా మనకెలా తెలుస్తాయో వెతికింది చర్మం దాకా వచ్చే నరాల కొసల్లో. పచ్చిమిర్చి తరిగిన చేత్తో కన్ను నులుముకుంటే భగ్గుమంటుంది. అక్కడ నిప్పు లేదు. మిరపలోని క్యాప్సైసిన్ వెళ్లి టీఆర్‌పీవీ1 అనే ప్రోటీన్ తలుపు తెరుస్తుంది. సుమారు 43 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడికి తెరుచుకునేదీ ఆ తలుపే. కారానికీ కాలినదానికీ మనం మంట అనే ఒక్క మాటే వాడతాం, అది సరైనదే. జూలియస్ బృందం ఆ ప్రోటీన్‌ని 1997లో పట్టుకుంది. ఇది మెదడు ఆటెలా అవుతుంది?

ఇక "స్కాన్‌లో లేకపోతే భ్రమ" అన్న మాట. నా కోపమంతా దీని మీదే. ఏ నొప్పీ లేనివాళ్ల వెన్ను స్కాన్లను కలిపి చూసిన 2015 నాటి సమీక్షలో, 20 ఏళ్లవాళ్లలో 37 శాతం మందికి, 80 ఏళ్లవాళ్లలో 96 శాతం మందికి డిస్కులు అరిగినట్టు తేలింది. అరుగుదల ఉన్నా నొప్పి లేదు. అలాంటప్పుడు అరుగుదల కనిపించనివాళ్ల నొప్పి అబద్ధమని ఏ నోటితో అంటారు? స్కాన్ ఎముకనీ డిస్కునీ చూపిస్తుంది. నరం ఎంత తేలిగ్గా రేగిపోతోందో చూపించదు. గాయం తర్వాత వెన్నుపాము స్పందనే పెరిగిపోతుందని క్లిఫర్డ్ వూల్ఫ్ అనే శాస్త్రవేత్త ఎలుకల మీద చేసిన ప్రయోగంతో 1983లోనే చూపించాడు.

మా పెద్దమ్మకి సర్పి వచ్చింది. పొక్కులు మానిపోయాయి, చర్మం మామూలుగా అయిపోయింది, రిపోర్టులన్నీ బాగున్నాయి. కానీ చీర కొంగు వీపుకి తగిలితే చాలు, వాత పెట్టినట్టు ఉలిక్కిపడేది. రాత్రిళ్లు ఫ్యాన్ గాలి ఆ పక్కకి రాకుండా దిండు అడ్డం పెట్టుకుని పడుకునేది. వైరస్ పాడుచేసిన నరం ఒట్టి స్పర్శని కూడా మంటగా మోసుకెళ్తుంది. ఇలాంటి నరాల నొప్పికి మామూలు నొప్పి మాత్రలు సరిగా పనిచేయవు, దీనికి వేరే మందులున్నాయి. భ్రమ అనుకుంటే ఆ మందు అడగడానికి ఎవరు వెళ్తారు?

"పట్టించుకోకపోతే పోతుంది" అనేవాళ్లకి ఒక్కటే చెప్తాను, నొప్పి ఒంటికి హెచ్చరిక. ఎస్‌సీఎన్9ఏ అనే జన్యువు పనిచేయక, పుట్టుకతోనే నొప్పి తెలియని పిల్లల గురించి 2006లో ప్రచురించారు. ఉత్తర పాకిస్తాన్ కుటుంబాలవాళ్లు. వాళ్ల పెదాల మీద, నాలుక మీద కొరుక్కున్న గాయాలు. పరిశోధకులకు మొదట తెలిసిన అబ్బాయి 14 ఏళ్లు నిండకుండానే ఇంటి కప్పు మీంచి దూకి చనిపోయాడు.

ఆ మెసేజ్‌లో ఒక నిజం ఉంది, ఒప్పుకుంటాను. నొప్పిగా అనిపించేది మెదడులోనే. భయపడితే పెరుగుతుంది, ధ్యాస మళ్లితే తగ్గుతుంది. 1978లో పన్ను పీకించుకున్నవాళ్ల మీద చేసిన ప్రయోగంలో, ఉత్తుత్తి మందుతో తగ్గిన నొప్పి, ఒంట్లో ఊరే నొప్పి తగ్గించే రసాయనాలను అడ్డుకునే నలోక్సోన్ అనే మందు ఇచ్చాక తిరగబెట్టింది. అంటే ఆ ఊరట కూడా ఒంట్లో ఊరిన రసాయనాలదే. మెదడులో తెలిసినంత మాత్రాన ఏ నొప్పీ కల్పన అయిపోదు.

మీరు పంపిన ఆ మెసేజ్ పెద్దమ్మ ఫోన్‌కి కూడా వెళ్లింది. నిన్న వీపు ఎలా ఉందని అడిగితే, "ఏం లేదులేరా, అంతా నా మనసులోదేనట" అంది. దిండు మాత్రం ఇంకా అక్కడే ఉంది.