రెండర్‌లో పుట్టిన పొగకు బహిరంగ లేఖ

మహారాజశ్రీ పొగ గారికి,

నిప్పు లేనిదే పొగ రాదంటారు. నేను కంప్యూటర్లో కట్టి రెండర్ చేసే, అంటే లెక్కలతో బొమ్మగా మార్చే, 3D సీన్‌లో నిప్పే లేదు. అప్పుడే ఆర్పిన కొవ్వొత్తి, నున్నటి బల్ల, ఒక గాజు గ్లాసు, అంతే. అయినా తమరు వేంచేయడానికి రాత్రంతా పట్టింది. బయటైతే పిలవకుండానే వచ్చి కళ్ళు మండిస్తారు. కంప్యూటర్లోకి రమ్మంటే మాత్రం ఎంత బెట్టండీ!

ముందు మీకో పెట్టె కట్టాలి. దాన్ని వాక్సెల్స్ అనే బుల్లి గదులుగా కోయాలి. గదులు పెద్దవైతే మీరు దూది ముద్దలా ఉంటారు. గది కొలత సగం చేస్తే గదులు 8 రెట్లవుతాయి, మెమరీ చాలక సాఫ్ట్‌వేర్ మూసుకుపోతుంది. 1999లో గ్రాఫిక్స్ పరిశోధకుడు జాస్ స్టామ్ గారు సిమ్యులేషన్, అంటే మీ కదలికల లెక్క, అదుపు తప్పి పేలిపోకుండా ఉండే పద్ధతి చెప్పారు. దాంతో మీరు పేలడం మానేశారు గానీ, సుడులన్నీ కరిగిపోయి నీరసపడ్డారు. వార్టిసిటీ, అంటే సుడి తిరిగే జోరు, పెంచితే ఓపిక వస్తుందన్నారు. పెంచాను. పూనకం వచ్చింది.

ఇక వెలుగు మీలో దూరి ఎటు చెదురుతుందో లెక్కెయ్యాలి. అందుకు నేను వాడిన హెన్యీ-గ్రీన్‌స్టైన్ సూత్రం 1941 నాటిది, నక్షత్రాల మధ్య ధూళి కోసం రాసింది. ఆరిన కొవ్వొత్తికి ఖగోళశాస్త్రం!

మీ తోడుదొంగ ప్రతిబింబం సంగతి చెప్పనా? బల్ల మెరవాలంటే కెమెరా వెనక కూడా ఏదో ఉండాలట. ఎవరికీ కనపడని ఆ గోడకు కిటికీ పెట్టాను. అప్పుడు బల్ల మరీ అద్దంలా ఉండి నకిలీగా తోచింది. బల్ల ఎక్కడ నునుపో, ఎక్కడ గరుకో చెప్పే రఫ్‌నెస్ మ్యాప్‌లో వేలిముద్రలు అద్దాను. నా సొంత బల్ల తుడిచి నెలయింది, అది వేరే విషయం.

చివరికి బొమ్మంతా ఇసక చల్లినట్టు నాయిస్. అది సగం తగ్గాలంటే శాంపిల్స్, అంటే బొమ్మలో ఒక్కో చుక్కకీ వెలుగును లెక్కేసే సార్లు, 4 రెట్లు కావాలి. అంత ఓపిక లేక ఆ ఇసకని తుడిచే డీనాయిజర్ పెడితే, నాయిస్‌తో పాటు మీ సన్నటి పోగులనీ తుడిచేసింది. మళ్ళీ మొదటికి.

తెల్లారి క్లయింట్ చూసి, “బాగుందండీ, కొవ్వొత్తి మీద ఆ మరకేంటి? తీసెయ్యండి” అన్నారు.

మరకంటే తమరే.

నిద్రమత్తులో మిమ్మల్ని కెమెరాకి కనపడకుండా దాచాను, ప్రతిబింబంలో కనపడాలనే రిఫ్లెక్షన్ టిక్ తీయడం మర్చిపోయాను. ఇప్పుడు గాల్లో పొగ లేదు, బల్లలో ఉంది. ఆయన ఓకే చేసేశారు.

ఇట్లు,
మీ వల్ల కళ్ళు మండుతున్న ఆర్టిస్టు