మొక్కలో ఉన్నంత మాత్రాన ఒంటికి అందుతుందా?

ఫలానా మొక్కలో క్యాన్సర్ కణాలను చంపే పదార్థం దొరికిందన్న వార్త తరచూ కనిపిస్తూనే ఉంటుంది. అందులో అబద్ధమేమీ ఉండకపోవచ్చు. ల్యాబ్‌లో పెంచిన కణాల మీద ఆ పదార్థం నిజంగానే పనిచేసి ఉంటుంది. అయితే చాలాసార్లు అది నీళ్లలో కరగదు. అందుకని పరిశోధకులు ముందు దాన్ని డీఎంఎస్ఓ అనే ద్రావకంలో కరిగించి, ఆ తర్వాత కణాలకు అందిస్తారు. మన పేగుల్లో డీఎంఎస్ఓ ఉండదు. అక్కడ ఉండేది నీరు, కాస్త పైత్యరసం, ఎంజైములు. ఆ పదార్థం అక్కడ కరుగుతుందా? కరిగాక చెడిపోకుండా ఎంతసేపు ఉంటుంది? ఈ రెండు ప్రశ్నలు వార్త దాకా రావు. మూలికలను నమ్మేవాళ్లూ, కొట్టిపారేసేవాళ్లూ అది పనిచేస్తుందా లేదా అనే వాదించుకుంటారు. ఈ రెండు ప్రశ్నలకు జవాబు తెలియకుండా ఆ వాదనకు అర్థం లేదని నా అభిప్రాయం.

పసుపులోని కర్కుమిన్‌నే తీసుకుందాం. పసుపు బరువులో అది 2 నుంచి 5 శాతం దాకా ఉంటుంది. మామూలు నీళ్లలో దాదాపు కరగదు. పొట్టలో ఉండే ఆమ్లంలో అయితే నిలకడగా ఉంటుంది గానీ కరగదు. క్షారం పెరిగే కొద్దీ కరగడం మొదలుపెడుతుంది, అప్పుడు నిలవదు. 1997లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో పీహెచ్ 7.2 దగ్గర, అంటే కాస్త క్షారంగా ఉన్న ద్రావణంలో, 37 డిగ్రీల వేడిలో ఉంచితే అరగంటలో దాదాపు 90 శాతం కర్కుమిన్ విచ్ఛిన్నమైపోయింది. రక్తంలో ప్రొటీన్లు పట్టుకుని ఉంటాయి కాబట్టి కాస్త ఎక్కువసేపు ఉంటుంది. కానీ పేగు గోడలు, లివర్ దాన్ని వేరే రూపంలోకి మార్చి బయటికి పంపేస్తాయి. గ్రాముల లెక్కన మింగినా రక్తంలో దొరికేది అతి తక్కువ కావడానికి కారణం ఇదే.

దీనికి పరిష్కారంగా అందరూ చెప్పేది మిరియాల్లోని పైపరిన్. బెంగళూరు సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీ పరిశోధకులు 1998లో 2 గ్రాముల కర్కుమిన్‌తో పాటు 20 మిల్లీగ్రాముల పైపరిన్ ఇచ్చి చూశారు. మనుషుల్లో శోషణ, అంటే రక్తంలోకి చేరడం, 2000 శాతం పెరిగిందని ప్రకటించారు. చాలా సప్లిమెంట్ల ప్రకటనల్లో ఈ అంకె ఇప్పటికీ కనిపిస్తుంది. దాని పక్కన రాయని సంగతి ఒకటుంది. పైపరిన్ లేకుండా అదే మోతాదు ఇచ్చినప్పుడు రక్తంలో కర్కుమిన్ అసలు దొరకలేదు, లేదా చాలా తక్కువగా దొరికింది. సున్నాకు దగ్గరగా ఉన్న అంకెను ఎన్ని రెట్లు చేసినా వచ్చేది చిన్న అంకే. పైగా పైపరిన్ కర్కుమిన్‌ను కరిగించేదేమీ కాదు. మందులను ఒంట్లోంచి బయటికి పంపే ఎంజైములను అది నెమ్మదింపజేస్తుంది. ఆ ఎంజైములు ఒక్క కర్కుమిన్ కోసమే ఉన్నవి కావు. మూర్ఛకు వాడే ఫెనిటోయిన్ లాంటి మందుల స్థాయి కూడా దానివల్ల రక్తంలో పెరుగుతుంది.

శోషణ పెంచడం ఎప్పుడూ మంచిదే అనుకోవడం కూడా తప్పే. పసుపు సప్లిమెంట్లు వాడాక లివర్ దెబ్బతిన్న 10 మంది వివరాలను అమెరికా పరిశోధకులు 2022లో వెల్లడించారు. వాళ్లలో ఏడుగురికి ఒకే రకం జన్యువు ఉంది. ఒకరు చనిపోయారు. పరీక్షించిన ఉత్పత్తుల్లో కొన్నింటిలో పైపరిన్ కూడా బయటపడింది. తప్పంతా పైపరిన్‌దే అని దీంతో తేల్చలేం. కానీ సహజంగా ఒంట్లోకి చేరనిదాన్ని బలవంతంగా చేర్చాక, 'ఇది తరతరాలుగా వాడుతున్నదే కదా' అనే భరోసా మాత్రం చెల్లదు.

కరిగించాలన్న తొందర ఎంత నష్టం చేస్తుందో క్యాంప్టోథెసిన్ చరిత్ర చెబుతుంది. చైనాలో పెరిగే ఒక చెట్టు నుంచి అమెరికాలోని శాస్త్రవేత్తలు మన్‌రో వాల్, మన్సుఖ్ వాణి తమ సహచరులతో కలిసి దీన్ని వేరుచేసి 1966లో ప్రకటించారు. క్యాన్సర్ మీద మంచి ఆశలు రేపింది, కానీ నీళ్లలో కరగదు. దాని నిర్మాణంలో లాక్టోన్ అనే వలయం ఉంటుంది. క్షారంతో ఆ వలయాన్ని తెరిస్తే సోడియం లవణంగా మారి చక్కగా కరుగుతుంది. 1970ల ట్రయల్స్‌లో రోగులకు ఎక్కించింది ఆ లవణాన్నే. క్యాన్సర్ మీద పెద్దగా పనిచేయలేదు. మూత్రాశయంలో రక్తస్రావం వంటి తీవ్రమైన దుష్ప్రభావాలు మాత్రం వచ్చాయి. ట్రయల్స్ ఆపేశారు.

ఎందుకలా అయిందో తర్వాత తెలిసింది. పనిచేసేది మూసి ఉన్న వలయమే. తెరిచిన రూపం మందుగా నీరసించిపోయి, మూత్రంలోని ఆమ్లత్వం వల్ల మూత్రాశయంలో మళ్లీ మూసుకుని అక్కడి కణాలను దెబ్బతీసింది. అంటే అవసరమైన చోట పనిచేయలేదు, అక్కర్లేని చోట పనిచేసింది. వలయాన్ని ముట్టుకోకుండా అణువులో మరోచోట మార్పులు చేసి తయారు చేసిన టోపోటెకాన్, ఇరినోటెకాన్‌లకు అమెరికాలో అనుమతి వచ్చింది 1996లో. మొక్కలో పదార్థం దొరికిన 30 ఏళ్లకు! ఆ ట్రయల్స్‌లో చేరిన రోగులు ఎంత ఆశతో చేరి ఉంటారో తలచుకుంటే, కరగడం, నిలవడం అనేవి కెమిస్టుల సొంత గొడవ అని ఎవరూ అనలేరు.

ఇదే విషయంలో జాగ్రత్తపడితే ఏమవుతుందో మలేరియా మందు ఆర్టెమిసినిన్ చూపించింది. 1971లో చైనా శాస్త్రవేత్త తు యుయు బృందం మలేరియా మందు కోసం ఒక మొక్కను మామూలు పద్ధతిలో మరిగించి చూస్తే ఫలితాలు నిలకడగా రాలేదు. నాలుగో శతాబ్దపు వైద్యుడు గె హోంగ్ ఆ మొక్కను నీళ్లలో నానబెట్టి, పిండి, ఆ రసం తాగమన్నాడు. మరిగించమనలేదు. వేడి వల్ల గుణం పోతోందేమోనని అనుమానించిన ఆమె, 35 డిగ్రీలకే మరిగే ఈథర్‌ను ద్రావకంగా ఎంచుకున్నారు. నీళ్లలో సరిగ్గా కరగని ఆర్టెమిసినిన్ ఈథర్‌లో కరిగింది, వేడి దెబ్బా తప్పింది. ఆ పనికి 2015లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ తర్వాత ఆర్టెమిసినిన్ నుంచి తయారైన ఆర్టెసునేట్ ఇంజెక్షన్ నీళ్లలో ఎక్కువసేపు నిలవదు. అందుకే దాన్ని పొడిగా అమ్ముతారు, ఇచ్చే ముందే కలుపుతారు. దాని బలహీనత తెలిసిన కంపెనీ దాన్ని దాచలేదు, అందుకు తగ్గట్టు ప్యాకింగ్ మార్చింది.

మొత్తం మొక్కలో ఉన్న ఇతర పదార్థాలే దాన్ని కరిగిస్తాయి, విడదీయడమే తప్పు అనే వాదన ఒకటుంది. దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. సెయింట్ జాన్స్ వర్ట్ అనే మొక్కలోని హైపెరిసిన్ నీళ్లలో సరిగ్గా కరగదు, అదే మొక్కలోని ప్రోసయానిడిన్లు దాన్ని కరగనిస్తాయి. జంతువుల మీద చేసిన పరీక్షల్లో ఇది రుజువైంది కూడా. కానీ అది ఆ మొక్క విషయంలో కొలిచి తేల్చిన సంగతి. ప్రతి మొక్కకూ అది వర్తిస్తుందని చెప్పుకోవడానికి లైసెన్స్ కాదు.

వెల్లుల్లి మాత్రల సంగతి చూడండి. వెల్లుల్లి గుణాలకు కారణమని చెప్పే అల్లిసిన్ రెబ్బలో ముందుగా ఉండదు. నలిపినప్పుడు ఒక ఎంజైమ్ పనిచేసి అది తయారవుతుంది. వేడి తగిలినా, పొట్టలోని ఆమ్లం తగిలినా ఆ ఎంజైమ్ చచ్చుబడుతుంది. అందుకే పేగుల్లోకి వెళ్లాకే కరిగేలా మాత్రలకు పూత వేస్తారు. 2001లో 24 బ్రాండ్ల మాత్రలను ప్రామాణిక పద్ధతిలో పరీక్షిస్తే 83 శాతం బ్రాండ్లు తమ సామర్థ్యంలో 15 శాతం అల్లిసిన్ కూడా విడుదల చేయలేదు. వెల్లుల్లి వల్ల లాభం లేదని తేల్చిన అధ్యయనాల్లో ఎన్నింటిలో ఇలాంటి మాత్రలు వాడారో!

గుండె మందు డిగాక్సిన్ కూడా మొక్క నుంచి వచ్చిందే. లేబుల్ మీద ఒకే మోతాదు ఉన్న మాత్రలు ఇచ్చినా రక్తంలో దాని స్థాయి ఏడు రెట్ల దాకా తేడా వస్తోందని 1971లో బయటపడింది. కారణం మాత్ర కరిగే తీరు. ఆ తర్వాత డిగాక్సిన్ మాత్రలకు కరిగే పరీక్షలు తప్పనిసరి చేశారు. మూలికా సప్లిమెంట్ల దగ్గరికి వచ్చేసరికి ఆ పట్టుదల కనిపించదు. అమెరికాలో వాటి మీద ఎక్స్‌పైరీ తేదీ వేయాలన్న నిబంధన కూడా లేదు. వెలుతురు, తేమ, గాలి తగిలి ఏడాదిలో పదార్థం ఎంత మిగులుతుందో కొనేవాళ్లకు ఎలా తెలుస్తుంది?

నేను కోరేది పెద్ద సంస్కరణ కాదు. మూలికా ఉత్పత్తి లేబుల్ మీద మిల్లీగ్రాములతో పాటు మాత్ర ఎంతసేపట్లో ఎంత శాతం కరుగుతుందో, గడువు చివరి రోజున ఎంత మిగిలి ఉంటుందో రాయాలి. కర్కుమిన్ మీద 120కి పైగా క్లినికల్ ట్రయల్స్ జరిగినా, ప్లాసిబోతో (మందు లేని ఉత్తుత్తి మాత్రతో) పోల్చి, ఎవరికి ఏది ఇచ్చారో రోగికీ డాక్టరుకీ తెలియకుండా చేసిన డబుల్ బ్లైండ్ పరీక్షల్లో ఒక్కటీ విజయవంతం కాలేదని 2017లో ఒక సమీక్ష తేల్చింది. ఇకనైనా ఏ మొక్క పదార్థం మీద ట్రయల్ పెట్టినా, అది మనిషి రక్తంలోకి ఎంత చేరుతుందో ముందు చూపించాకే రోగులను చేర్చుకోవాలి.