27 క్యూసెక్కుల గాలి

మా ఇంట్లో దీపం కొండెక్కింది. ఇంకో మాట అనకూడదు కాబట్టి అలా అంటున్నాను గానీ, రోజుకి నాలుగుసార్లు కొండెక్కితే ఎలా? తిరుపతి బస్సులు కూడా మధ్యలో కాసేపు ఆగుతాయి.

మేముండేది డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో. అమ్మా నాన్నా ఆరు నెలలుందామని జూన్‌లో వచ్చారు. వచ్చిన మర్నాడే అమ్మ ఇల్లంతా తిరిగి చూసి, భోజనాల బల్ల పక్కన ఈశాన్యం మూల మందిరం పెట్టించింది. నాన్న ఫోన్‌లో దిక్సూచి పెట్టి మరీ దిక్కు చూశారు. నాలుగు దిక్కులూ చూశాం, పైకి మాత్రం ఎవరం చూడలేదు. మందిరానికి సరిగ్గా నెత్తిమీద ఏసీ వెంటు ఉంది.

ఇక్కడ ఏసీ అంటే మన ఊళ్ళోలా పడగ్గది గోడకి తగిలించిన పెట్టె కాదు. ఇల్లంతటికీ ఒకటే మిషను, అటక మీద ఉంటుంది. దాన్నుంచి గదిగదికీ లావుపాటి గొట్టాలు పోతాయి. గొట్టం చివర సీలింగులో ఓ రేకు జాలీ, అదే వెంటు. బయట ఎండ 103 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉన్నప్పుడు అందులోంచి వచ్చే చల్లగాలి దేవుడిచ్చిన వరంలా ఉంటుంది. దేవుడి నెత్తిమీదే పడితే మాత్రం దీపం నిలవదు.

"ఆ గాలి కాస్త పక్కకి పోయేలా చెయ్యరా" అంది అమ్మ. ఇంత చిన్న కోరిక కోరిన తల్లిని నేనింతవరకూ చూడలేదు. ఆన్‌లైన్‌లో వెతికితే దానికో వస్తువు ఉండనే ఉంది. ఎయిర్ డిఫ్లెక్టర్ అంటారు. వంగిన పారదర్శకమైన ప్లాస్టిక్ రేకు, రెండు చివర్లా అయస్కాంతాలు, కావాలంటే పొడుగు సాగుతుంది. వెంటుకి అడ్డంగా అతికిస్తే కిందికి దూకే గాలి పక్కకి మళ్ళుతుంది. రెండో రోజుకే ఇంటికొచ్చింది. నిచ్చెనెక్కి అతికించాను. చెయ్యి తీశాను. అది నా నెత్తిమీద పడింది.

మళ్ళీ అతికించాను. మళ్ళీ పడింది. మూడోసారి కింద నుంచి పాప, "నాన్నా, అది అల్యూమినియం. మేగ్నెట్ అంటుకోదు" అంది. పాపకి తొమ్మిదేళ్ళు. నాకు ఇంజినీరింగ్ డిగ్రీ ఉంది. మిగతా గదుల్లో ఇనుప జాలీలే ఉన్నాయి. ఈ ఒక్కచోటే, మాకు ఇల్లు అమ్మినాయన ఏ ముచ్చటపడో అల్యూమినియంది పెట్టించాడు. రెండు వైపులా అంటుకునే టేపు తెచ్చి అంటించాను. చల్లగాలికి చెమ్మపట్టి టేపు జారిపోయి, రాత్రి రెండింటికి రేకు మందిరం ముందున్న ఇత్తడి పళ్ళెంలో పడింది. ఇంట్లో అయిదుగురమూ అయిదు గుమ్మాల్లో నిలబడ్డాం. నాన్న చేతిలో గొడుగు ఉంది.

ఆ రాత్రే ఆయన చేతుల్లోకి అధికారం వెళ్ళిపోయింది.

నాన్న గోదావరి పశ్చిమ డెల్టాలో 34 ఏళ్ళు కాలవల మీద పనిచేసి, నీటిపారుదల శాఖలో డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజినీరుగా రిటైరయ్యారు. ఏ విషయమైనా ఆయన బుర్రలోకి కాలవ మీదుగానే వెళ్తుంది. మా పెళ్ళిలో బఫే వరసని చూసి "చివరి భూములకి అందదు" అన్న మనిషి.

పొద్దున్నే కాఫీ తాగుతూ అడిగారు: "ఒరేయ్, మీ ఏసీ ఎంత?"

"నాలుగు టన్నులు."

"బరువా?"

కాదని చెప్పాను. ఒక టన్ను మంచుగడ్డ 24 గంటల్లో కరగడానికి ఎంత వేడి పట్టాలో అంత వేడిని ఇంట్లోంచి లాగి బయట పారేసే శక్తి. ఐసుగడ్డలతోనే చల్లబరిచే రోజుల్లో పుట్టిన లెక్క, ఇప్పటికీ అదే పేరు.

"అంటే రోజుకి నాలుగు టన్నుల ఐసా! భీమవరంలో చేపల లారీకి వేస్తారే, అంతా!" అని కాసేపు ఆగి, "డిశ్చార్జి ఎంత?" అన్నారు.

గాలి ఎంత పారుతోందన్న సంగతి. టన్నుకి నిమిషానికి సుమారు 400 ఘనపుటడుగులని ఇక్కడి మెకానిక్కులు చెప్పే అంచనా. నాలుగు టన్నులకి 1,600. సెకనుకి ఎన్ని ఘనపుటడుగులో, అంటే ఎన్ని క్యూసెక్కులో తేలాలి. నాన్న ఫోన్ తీయలేదు, కళ్ళు మూసుకుని అరవైతో భాగించారు. కళ్ళు తెరిచేటప్పటికి ఆయన ముఖంలో నేను చాలా ఏళ్ళుగా చూడని వెలుగు.

"27 క్యూసెక్కులు! ఒరేయ్, ఇది పిల్ల కాలవరా! మీ అటక మీద ఓ పిల్ల కాలవ పారుతోంటే, తూములు తీసి మూసే లస్కరు లేడు, మట్టం కొలిచే గేజీ లేదు, రికార్డు లేదు!"

రికార్డు ఆ రోజే మొదలైంది. పాప స్కూలు నోట్‌బుక్ ఒకటి తీసుకుని, ఇంట్లో ఉన్న పదకొండు వెంట్లకీ తూము నంబర్లు వేశారు. హాలు గోడకి కిందుగా ఉన్న పెద్ద జాలీ దగ్గర మాత్రం చెయ్యి పెట్టి ఆగిపోయారు. "ఇది ఊదట్లేదు, లాక్కుంటోంది." అది రిటర్న్ వెంటు నాన్నా, ఇంట్లో గాలిని మళ్ళీ మిషనులోకి తీసుకుపోతుంది అన్నాను. "మురుగు కాలవన్నమాట. పంట కాలవ ఉన్నాక మురుగు కాలవ ఉండాల్సిందే. డిజైన్ చేసినవాడు మనవాడే!" అని మొదటిసారి అమెరికాని మెచ్చుకున్నారు.

తర్వాత ప్రవాహం ఎటు పోతోందో తేలాలి. కాలవలో అయితే బెండు ముక్క వేసి, అది ఎంతసేపట్లో ఎంత దూరం పోతుందో చూస్తారట. గాలిలో బెండు ఏది? అమ్మ మందిరంలో ఉంది. నాన్న అగరబత్తి వెలిగించారు. ఒక బత్తి పొగ సరిగా కనబడటం లేదని కట్ట మొత్తం వెలిగించారు. దాన్ని ఎన్నికల ప్రచారంలో కాగడా పట్టుకున్నట్టు పట్టుకుని, వెంటు వెంటుకీ చూపిస్తూ మెట్ల దాకా వచ్చారు. అక్కడ స్మోక్ అలారం ఉంది.

ఈ అలారాలకి మహా ఐకమత్యం. ఒకటి అరిస్తే ఇంట్లోవన్నీ అరుస్తాయి. స్కూల్లో నేర్పినట్టు పాప చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి పరుగెత్తి పోస్టు డబ్బా దగ్గర నిలబడింది. మా ఆవిడ ఆఫీసు మీటింగులో ఉంది. అవతల పదిమందికి అలారం, దాని మీద మా నాన్న గొంతు, "చూశావా, ప్రవాహం ఉత్తరానికి పోతోంది!" అన్నీ వినబడ్డాయట. నేను తువ్వాలుతో అలారానికి విసురుతుంటే, "విసరకు, రీడింగు చెడిపోతుంది" అని కసిరారు.

ఏమాటకామాటే. ఆయన సర్వే వృథా పోలేదు. మరలు బిగించి మందిరం మీద రేకు పెట్టాం. గాలి నేరుగా కిందికి దూకకుండా సీలింగుని పట్టుకుని పాకింది, గది అవతలి వైపు వెళ్ళి అక్కడి గాలిలో కలిసి మెల్లగా దిగింది. చల్లగాలి బరువు కాబట్టి ఎలాగూ దిగాల్సిందే, నెత్తిమీద దిగకపోతే చాలు. ఇలా పక్కనున్న తలాన్ని పట్టుకుని ప్రవాహం పోవడాన్ని కోయాండా ఎఫెక్ట్ అంటారని నేనన్నాను, ఆ పేరు గల రుమేనియా ఇంజినీరు గుర్తుగా. నాన్న గరిటె తీసుకుని సింకు దగ్గరికి వెళ్ళి, దాని వీపు కుళాయి ధారకి తాకించారు. నీళ్ళు గరిటె వంపుని పట్టుకుని పక్కకి తిరిగాయి. "నీళ్ళు గట్టుని ఒరుసుకుని పోతాయని మా లస్కరు సూర్రావుకీ తెలుసు. ఆయన పేరెందుకు పెట్టలేదో!"

చలికాలం హీటరు వేసినప్పుడు మాత్రం రేకు తిరగెయ్యాలి, వేడిగాలి తేలిక, పైనే ఉండిపోతుంది కాబట్టి కిందికి తోసెయ్యాలి అని కూడా చెప్పాను. "సార్వాకి ఒక ఆర్డరు, దాళ్వాకి ఒక ఆర్డరు" అని, రెండు పంటకాలాలకి రాసినట్టే, నోట్‌బుక్‌లో రాసుకున్నారు.

దీపం నిలబడింది. అమ్మ సంతోషించింది. కథ ఇక్కడ ఆగిపోవాల్సింది. కానీ గాలి మాయమైపోదు కదా, ఒకళ్ళ నెత్తిమీంచి ఇంకొకళ్ళ నెత్తిమీదికి మారుతుంది. మందిరం మీద నుంచి మళ్ళిన గాలి మా ఆవిడ ఆఫీసు కుర్చీ మీద దిగింది. మూడో రోజుకి ఆమె మెడ పట్టేసింది. తల ఒక వైపుకి వాల్చే మాట్లాడుతోంటే, మీటింగులో వాళ్ళ మేనేజరు తను చెప్పింది ఈమెకి నచ్చలేదనుకున్నాడట. "మామయ్యగారూ, గాలి కొంచెం అటు తిప్పండి" అంది. అటు తిప్పితే నాన్న వాలుకుర్చీకి వచ్చింది. ఆయన మంకీ క్యాప్ పెట్టుకున్నారు. టెక్సాస్‌లో, జూలైలో. ఇంకో రేకు తెప్పించారు. ఆ గాలి పాప హోంవర్కు కాగితాలని ఎగరేసింది. మూడోది. వంటగదికి మళ్ళించిన ధార అమ్మ దోసెల పిండి గిన్నె మీద పడి, పిండి రెండు రోజులైనా పులవలేదు. నాలుగోది, అయిదోది.

నలుగురూ నాలుగు రాష్ట్రాల్లా కొట్టుకున్నాం. కృష్ణా నీళ్ళ పంపకాల తగువుకి బచావత్ ట్రిబ్యునల్ వేసినట్టు మా ఇంట్లో శనివారం కాఫీ తర్వాత విచారణ జరిగేది. వాదించేది మేమే, తీర్పు నాన్నది. వంతులవారీ పద్ధతి పెట్టారు. పొద్దున కోడలికి, మధ్యాహ్నం వంటింటికి, సాయంత్రం మనవరాలికి. నిచ్చెన హాల్లోనే ఉండిపోయింది.

ఒకరోజు ఎవరూ వాడని గెస్ట్ రూమ్, లాండ్రీ గది, ఇంకో రెండు చోట్ల వెంట్లకుండే మీటలు నొక్కి మూసేశారు. "పైరు లేని పొలానికి నీళ్ళెందుకు?" అలా చాలా వెంట్లు మూసేస్తే మిషను మీద ఒత్తిడి పెరుగుతుంది, గొట్టాల అతుకుల్లోంచి గాలి అటకలోకి కారిపోతుంది, లోపలి కాయిల్ మంచుకట్టేసినా కట్టెయ్యచ్చు అని నేను ఇంటర్నెట్ తెరిచి పావుగంట ఉపన్యాసానికి సిద్ధమయ్యాను. మొదటి వాక్యానికే ఆయన చేతిలో కాఫీ కప్పు కింద పెట్టేశారు. "అన్ని తూములూ మూసి పైనుంచి నీళ్ళు వదిలితే గండి పడుతుంది. నాకు చెప్తావేంట్రా!" అంటూ తనే పరుగున వెళ్ళి నాలుగూ తెరిచేశారు. మూసినవాడు ఇంకెవడో అన్నట్టు.

ఇంతలో శ్రావణమాసం వచ్చింది. వరలక్ష్మీ వ్రతానికి మా ఆవిడ ఇరవైమందిని పేరంటానికి పిలిచింది. శుక్రవారం అందరికీ ఆఫీసులే కాబట్టి సాయంత్రం అయిదున్నరకి. టెక్సాస్‌లో ఎండ మహా ముదిరి ఉండే వేళ అదే. నాన్న ముందురోజే బందోబస్తు చేశారు. మందిరం వైపు ఒక్క పోగు గాలి కూడా రాకూడదని, దగ్గర్లో ఉన్న రేకులన్నీ నడవా వైపు తిప్పేశారు.

అయిదున్నరకి పట్టుచీరలు వచ్చాయి. అయిదూముప్పావుకి విసనకర్రలు అడిగాయి. ఆరింటికి మేకప్పులు కరిగాయి. పూర్ణం బూరెలు వేయించిన వేడి, ఇరవైమంది, తలుపు తీసిన ప్రతిసారీ లోపలికొచ్చే వడగాడ్పు. తోరం కట్టించుకుంటున్న ఒకావిడ, "మీ ఇంట్లో ఏసీ లేదాండీ?" అని మర్యాదగా అడిగింది. ఉంది. ఇంట్లో వేడిని కొలిచి ఏసీని నడిపే, ఆపే థర్మోస్టాట్ నడవాలో గోడకుంది. దాని దగ్గరికి పరుగెత్తాను. 74కి పెట్టి ఉంది. 71 చూపిస్తోంది. అంతకన్నా చల్లగా ఉంది కదా అని ఏసీ హాయిగా ఆగిపోయింది. హాల్లో పాప బల్లమీద ఉన్న గడియారంలో మాత్రం 84. నేను 70కి తగ్గించాను. ఏసీ లేచింది, రెండు నిమిషాలు ఊదింది, 69 అని చూపించి మళ్ళీ పడుకుంది.

మిషను పాడైందనుకున్నాను. శుక్రవారం సాయంత్రం మెకానిక్కుని పిలిస్తే ఎంత గుంజుతాడో తల్చుకుంటూ ఫోన్ తీశాను. నాన్న వచ్చి పక్కన నిలబడ్డారు. థర్మోస్టాట్ వంక చూశారు. తలెత్తి సీలింగు వంక చూశారు. తను తిప్పిన రేకులు మూడూ వరసగా, చక్కగా, ఒకే గురితో దాని ముఖం మీదికే ఊదుతున్నాయి.

చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత గొంతు తగ్గించి, "గేజీ తూము నోట్లో ఉందిరా" అన్నారు. "ఇక్కడ నిండుగా చూపించి పైన నీళ్ళు కట్టించేస్తోంది. అవతల చివరి భూములు ఎండిపోతున్నాయి." ఇంకాసేపాగి, "ఇలాంటి పని చేసిన అసిస్టెంట్ ఇంజినీరుకి నేను మెమో ఇచ్చానొకసారి" అన్నారు.

పంచె ఎగ్గట్టి నిచ్చెనెక్కారు. పేరంటాళ్ళందరూ శనగల వాయనాలు చేతుల్లో పట్టుకుని నడవాలో నిలబడి చూస్తుండగా, మూడు రేకులూ ఊడబీకి చంకలో పెట్టుకుని దిగారు. ఏసీ మేలుకుంది. పది నిమిషాలకి ప్రాణాలు కుదుటపడ్డాయి, పులిహోర మళ్ళీ వడ్డించాం. ఈ గొడవంతటిలోనూ మందిరం దగ్గర దీపం, అమ్మవారి ముందు, గీత గీసినట్టు నిటారుగా వెలుగుతూనే ఉంది. "ఎంత బాగా నిలిచిందో" అని అమ్మ అందరికీ చూపించింది.

తోరం కట్టించుకున్నావిడ వెళ్ళేముందు నాన్న దగ్గర ఆగింది. "బాబాయిగారూ, మా ఇంట్లో కూడా దీపం ఇలాగే... వెంటు కిందే మందిరం. మీరోసారి వచ్చి చూస్తారా?" ఆవిడ వెనక ఇంకో ఇద్దరు ఆగారు.

మర్నాడు శనివారం పొద్దున్నే నాన్న స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా టక్ చేసుకుని, జేబులో పెన్ను, చంకలో నోట్‌బుక్, చేతిలో టేపు, అగరబత్తి కట్టతో గుమ్మంలో నిలబడి కారు కోసం చూస్తున్నారు. ఎక్కడికని అడిగాను.

"క్యాంపు" అన్నారు. "మధ్యాహ్నం భోజనానికి రాను. సాయంత్రానికి మూడు ఇళ్ళ ఎస్టిమేట్లు వేసెయ్యాలి."

అమ్మ వంటింట్లోంచి ఒకే ఒక్క అగరబత్తి మిగిల్చి వెళ్ళమని కేకేసింది.