కుర్ట్ ఎక్విలూజ్ గురించి ఒక మాట

ఒపెరాలో (పాటలతో సాగే నాటకంలో) రాణించలేని టెనర్ గాయకులే (హెచ్చు స్థాయి పురుష స్వరం గలవారే) బరోక్ సంగీతానికి, అంటే బాఖ్ కాలం వరకు సాగిన పాత యూరప్ సంగీతానికి, పరిమితమవుతారని మీరు ప్రచురించిన వ్యాసంలో రచయిత అన్నారు. ఆ అభిప్రాయంతో నేను ఏకీభవించలేను. బాల్యంలో వియన్నా బాలగాయక బృందంలో పాడిన కుర్ట్ ఎక్విలూజ్ (1929–2022), 1957 నుంచి వియన్నా స్టేట్ ఒపెరాలో ఎక్కువగా చిన్న పాత్రలే ధరించారన్నది నిజమే. అయితే ఆస్ట్రియా సంగీత నిర్దేశకుడు నికొలాస్ హార్నన్‌కోర్ట్ బాఖ్ కాలపు తరహా వాద్యాలతో రికార్డు చేసిన, యేసు శ్రమలను గానంగా చెప్పే ఆ జర్మన్ స్వరకర్త రచనలు 'సెయింట్ జాన్ పాషన్' (1965), 'సెయింట్ మాథ్యూ పాషన్' (1970) రెండింటిలోనూ కథ నడిపించే సువార్తికుడి పాత్రకు ఎంపికైనది ఆయనే.

ఈ పాత్రకు కావలసింది వేరే శక్తి. ఆర్గాన్, చెల్లో వంటి కొద్దిపాటి వాద్యాల తోడుతోనే, శ్రుతి తప్పకుండా, ప్రతి జర్మన్ మాటా శ్రోతకు మాట్లాడినంత స్పష్టంగా వినిపించేలా, దాదాపు రెండు గంటలు, ఒక్కోసారి అంతకు మించి సాగే రచనను గాయకుడు నిలబెట్టాలి. యేసు శిష్యుడు పేతురు వెక్కివెక్కి ఏడ్చాడని చెప్పే చోట బాఖ్ ఒక్క క్రియాపదాన్నే ఎన్నో స్వరాల మీదుగా సాగదీశాడు. అక్కడ ఎక్విలూజ్ గొంతు పెంచరు, దుఃఖాన్ని ప్రదర్శించరు, అయినా విన్న ప్రతిసారీ నా మనసు కలతపడుతుంది. 1971లో మొదలై దాదాపు రెండు దశాబ్దాలు సాగిన బాఖ్ చర్చి కాంటాటాల (ఆరాధన కోసం రాసిన గాన రచనల) సంపూర్ణ రికార్డింగులోనూ టెనర్ భాగాలు అధికంగా ఆయనవే. ఇంతటి గాయకుడి ప్రస్తావన వ్యాసంలో లేకపోవడం పెద్ద లోటు, దయచేసి చేర్చండి.