తొట్టికి కన్నమెందుకు?

రాజమహేంద్రవరంలో కాపురముంటూ ఇంటిముందు మొక్క లేకపోవడమంటే, బందరులో పుట్టి లడ్డు రుచి తెలియకపోవడమంత అపచారం. కడియపులంకలో రహదారి పొడవునా నర్సరీలు బారులు తీరి ఉండగా మన వీధి ఇలా బోసిగా ఉండడమేమిటని మా మాష్టారు ఆషాఢంలో ఒక సాయంత్రం నిలదీశారు. ఆయన బడి విడిచి తొమ్మిదేళ్ళయినా, ఆయన అడిగితే మేమందరం ఇప్పటికీ లేచి నిలబడతాం. అందువల్ల ఆదివారానికల్లా తలా కొంత వేసుకుని, అయిదు సిమెంటు తొట్లు తెచ్చి, ఇంటికొకటి చొప్పున ఇటుకలమీద నిలబెట్టాం.

మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అంతే లోతు గల ఒక్కొక్క తొట్టిలో రెండు వంతుల ఎర్రమట్టి, ఒక వంతు చివికిన పశువుల ఎరువు, ఒక వంతు కొబ్బరిపొట్టు కలిపి నింపాం. తడిస్తే ఒక్కొక్కటి 300 కిలోలకు తగ్గదని మాష్టారు లెక్కవేసి చెప్పారు గాని, చెప్పింది తొట్లు నింపిన తరువాత. నాలుగిళ్ళ ముందు మందారం, నందివర్ధనం, నూరువరహాలు, కనకాంబరం వేశాం. అయిదో ఇంటివారు కొడుకు దగ్గరకు అమెరికా వెళ్ళారు కనుక, అడిగేవారు లేని ఆ ఇంటికి కాగితపుపూల మొక్క దక్కింది.

నీళ్ళెవరు పోయాలన్న చర్చే రాలేదు. ఎదుటివారు పోయరేమోనన్న అనుమానంతో అందరూ అన్నిటికీ పోశారు. మాష్టారు తెల్లవారగానే, మేడమీది పిన్నిగారు బియ్యం కడిగిన నీళ్ళతో, నేను ఆఫీసు నుంచి రాగానే. మూసిన ఇంటి గుమ్మందాకా నడిచే ఓపిక మాత్రం ఎవరికీ లేకపోయింది. పైగా అది శ్రావణమాసం, వాన తన వంతు తాను పోసింది.

మూడు వారాలకు ఆకులు పసుపు పచ్చబడి వాలిపోయాయి. దాహమనుకుని ఇంకో బిందె పోశాం. మరింత వాలాయి. రెండు బిందెలు పోశాం.

చివరకు కడియం నుంచి నర్సరీ కుర్రాడిని పిలిపిస్తే, అతడు మట్టిలోకి వేలు దించి, తీసి వాసన చూసి, ఆ వేలును మాకు దూరంగా పట్టుకున్నాడు. "మొక్కలు పెంచుతున్నారా, చేపలు పెంచుతున్నారా అండి? వేళ్ళకి గాలాడక కుళ్ళిపోయాయండి. అడుగున కన్నాలుండాలే, ఏమయ్యాయండి?" అన్నాడు.

వీధి అంతా మౌనం వహించింది. సంగతేమిటంటే, కన్నంలోంచి కారిన ఎర్రనీళ్ళు గుమ్మం ముందు ముగ్గును కరిగిస్తున్నాయని ఇంటింటా గొడవ పుట్టింది. శ్రావణ శుక్రవారం నాడు పద్మం ముగ్గు కొట్టుకుపోయాక మాష్టారు రాత్రికి రాత్రే సిమెంటు ముద్ద పెట్టారట. పిన్నిగారు కొబ్బరిపీచు కూరారు, మూడో ఇంటివారు సీసా బిరడా బిగించారు. ఇటువంటి పని చదువుకున్నవారెవరైనా చేస్తారా అని అందరికంటె గట్టిగా ఆశ్చర్యపడినవాణ్ణి నేనే. మా కనకాంబరం కింద నా పాత తువ్వాలు ముక్క చుట్టచుట్టుకుని ఉంది.

300 కిలోల తొట్టిని ఎత్తడం మావల్ల కాదు. కనుక మాష్టారు రోడ్డుమీద బోర్లా పడుకుని, ఇటుకల సందులోంచి గొడుగు పుల్లతో పొడవడం మొదలుపెట్టారు. అటుగా వచ్చిన పాలవాడు పెద్దాయన పడిపోయారనుకుని కేక పెట్టాడు, ఎవరో పరుగున వచ్చి ఆయన నెత్తిన చెంబెడు నీళ్ళు కుమ్మరించారు. సరిగ్గా అప్పుడే సిమెంటు పెచ్చు ఊడి, నెలరోజుల నల్లటి నీరు ఆయన ఇస్త్రీ చొక్కా కాలరులోంచి లోపలికి దిగింది. "ఆయ్, వచ్చేసిందండి!" అన్నాడు కుర్రాడు సంతోషంగా. మాష్టారు ఏమన్నారో రాయదగినది కాదు.

నాలుగు మొక్కలూ పోయాయి. బిరడా లేని అయిదో తొట్టిలో, మేమెవరమూ తొంగిచూడని కాగితపుపూల మొక్క వానలు వెనకపట్టగానే గులాబిరంగు గుత్తులతో గోడెక్కింది.

దీపావళికి ఆ ఇంటివారు తిరిగి వచ్చారు. పూలు చూసి మురిసిపోయిన ఆయన మర్నాడు ఉదయాన్నే గొట్టం పట్టుకుని తొట్టి నిండా నీళ్ళు పెట్టారు. పది నిమిషాల తరువాత ఆవిడ మా గుమ్మంలోకి వచ్చి మొహమాటంగా అడిగారు:

"అన్నయ్యగారూ, ముగ్గంతా కరిగిపోతోందండి. మీ ఇంట్లో పాత తువ్వాలు ముక్క ఏమైనా ఉందా?"