ట్యాంకు అడుగున తిష్ఠ వేసిన పాత పెట్రోలు గారికి

అయ్యా పాత పెట్రోలు గారూ,

గడ్డి కోసే మిషను ట్యాంకులో పోయిన సీజను నుంచి కదలకుండా కూర్చున్నారు కాబట్టి నేరుగా మీకే రాస్తున్నాను. మిషను స్టార్ట్ కాకపోతే అందరూ తిట్టేది పెట్రోలునూ గాలినీ కలిపి ఇంజనుకు పంపే కార్బొరేటర్‌నే. పాపం దాన్ని విప్పుతారు, కడుగుతారు, స్క్రూలు ఇష్టమొచ్చినట్టు తిప్పుతారు, ఆఖరికి విసుగొచ్చి కొత్తది కొంటారు. మీ మీద మాత్రం ఈగ వాలదు. మూత తీసి చూస్తే నిండుగా, ఏమీ ఎరగనట్టు కనిపిస్తారు కదా, "పెట్రోలు ఉందిలే" అనుకుని మూత పెట్టేస్తారు.

మీ నిర్వాకం ఏమిటో నన్ను చెప్పమంటారా? నెలా రెండు నెలలు వాడకపోతే చాలు, మీలో తొందరగా మండే తేలిక భాగం ఆవిరై పోతుంది, చల్లటి ఇంజను అంటుకోవడానికి కావలసింది సరిగ్గా అదే. మిగిలింది గాలి తగిలి జిగురవుతుంది. మీలో ఇథనాల్ కూడా కలిసిందంటే ఇక చెప్పక్కర్లేదు, గాలిలో ఉన్న తేమంతా పీల్చుకుంటారు, అది మోతాదు మించితే నీళ్లూ ఇథనాలూ జట్టు కట్టి అడుగుకు దిగిపోతాయి. ఇంజనుకు పెట్రోలు వెళ్ళే దారి కూడా అడుగునే. అంటే మొదటి వడ్డన నీళ్లదన్నమాట.

అసలు ఘనకార్యం మాత్రం కార్బొరేటర్‌లో పెట్రోలును కొలిచి వదిలే జెట్‌లో చూశాను. ఇత్తడి జెట్ విప్పి వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే, మిల్లీమీటరు కూడా లేని ఆ రంధ్రంలోంచి గుండ్రటి చుక్క కనపడాలి. మీ లక్క రంగు పొర పుణ్యమా అని ఓ పక్క సన్నటి గీత మాత్రమే కనిపించింది! దాన్ని ఇనుప తీగతో పొడవడానికీ లేదు, ఇత్తడి మెత్తన, రంధ్రం పెద్దదైందంటే తర్వాత పెట్రోలు ఎక్కువ తాగుతుంది. క్లీనర్‌లో నానబెట్టి గాలి కొట్టాల్సిందే.

ఆ సగం మూసుకున్న రంధ్రం వల్లే మిషను చోక్ వేస్తే నడుస్తుంది, తీస్తే ఆగిపోతుంది, లేదా ఊగుతూ ఒకసారి పైకీ ఒకసారి కిందకీ పాడుతుంది. జనం "చోక్ పాడైంది" అంటారు. చోక్ నిక్షేపంగా ఉంది, గాలి తగ్గించి మీరు చేసిన వెధవ పనిని అదే కప్పిపుచ్చుతోంది. తాడు ఎంత లాగినా స్టార్ట్ కాకపోతే ప్లగ్ విప్పి చూస్తే సరి. ఎముకలా పొడిగా ఉంటే పెట్రోలు పైకి రావడం లేదు, తడిసి ముద్దయి ఉంటే ఎక్కువైంది.

అన్ని కేసులూ మీ మీదే పెట్టనులెండి. కాసేపు నడిచి ఆగిపోయి, మూత వదులు చేయగానే మళ్ళీ నడిస్తే తప్పు మూతలోని గాలి రంధ్రానిది. నల్ల పొగ వస్తే ముందు ఎయిర్ ఫిల్టర్‌ని అడగాలి. కార్బొరేటర్ గిన్నె నిండాక పెట్రోలును ఆపే ఫ్లోట్ నీడిల్ కింద నలుసు ఇరుక్కుంటే పెట్రోలు కారిపోయి ఇంజను ఆయిల్‌లో కలిసిపోవచ్చు. ఆయిల్ మట్టం పెరిగి పెట్రోలు వాసన వస్తోందంటే అది మార్చేదాకా తాడు ముట్టుకోకూడదు. అయితే ఆ నలుసు ఎక్కడిదని విచారిస్తే మళ్ళీ మీ ఇంటి పేరే వినిపిస్తుందేమోనని నా అనుమానం.

పెట్రోలు చెడిపోకుండా కలిపే స్టెబిలైజర్ పోస్తే మళ్ళీ కుర్రాళ్ళయిపోతారని ఎవరైనా చెప్పారేమో, ఆశ పెట్టుకోకండి. ఆ మందు తాజా పెట్రోలుకే, చెడిపోయాక పోసి లాభం లేదు. ఇక మీదట సీజను అయ్యాక ట్యాంకు ఖాళీ చేసి, మిషను తనంతట తాను ఆగిపోయేదాకా నడిపి, ఆ తర్వాతే మూల పెడతాం.

మీకు డబ్బా సిద్ధంగా ఉంది, ఆరుబయట, ఇంజను చల్లారాక, సిగరెట్టు తాగేవాళ్ళకి దూరంగా. పోతూ పోతూ ఫ్లోట్ గిన్నెలో నక్కిన నాలుగు చుక్కల్ని కూడా వెంట తీసుకెళ్ళండి, కింద బోల్టు వదులు చేసే ఉంచాను.

ఇట్లు,
భుజం పట్టేసిన మిషను ఓనరు