న్యూట్ తినకపోతే హీటర్ పెట్టాలా?

అమెరికాలోని మన పేరెంట్స్ గ్రూపుల్లో ఆ మెసేజ్ మళ్లీ చక్కర్లు కొడుతోంది. "మీ న్యూట్ తినట్లేదా? ఆరు చిట్కాలు, అందరికీ పంపండి." పంపారు. అందరూ పంపారు. పిల్లల పోరు పడలేక ఫైర్ బెల్లీ న్యూట్ (నీళ్లలో పెంచే, బల్లిలా కనబడే చిన్న ఉభయచరం) కొన్న ఇళ్లలో ఇప్పుడది వేదవాక్కు.

"తిండికి వెల్లుల్లి రసం పట్టిస్తే ఆకలి పుడుతుంది"ట. రేపు ఇంగువ తాలింపు కూడా వేయమంటారు. వదిలేయండి.

"చికెన్ లివర్, ఉడికిన గుడ్డు మంచి ప్రొటీన్." మనకి. చన్నీళ్లలో బతికే ఈ ప్రాణికి ఆ కొవ్వు సరిగ్గా అరగదు. తినకుండా వదిలేసిన ముక్క కుళ్లి నీళ్లలో అమ్మోనియా పెంచుతుంది.

ఇక అసలైన ఘనకార్యం: "హీటర్ పెట్టి నీళ్లు 82 డిగ్రీలకు తెండి, ఆకలి దంచేస్తుంది." ఈ ఒక్క ముక్క చాలు న్యూట్‌ని చంపడానికి. దానికి కావాల్సింది 60 నుంచి 68 ఫారెన్‌హీట్. 75 దగ్గరికొస్తేనే తిండి మీద ధ్యాస పోతుంది. వేసవిలో న్యూట్ అలిగిందంటే ముందు అనుమానించాల్సింది వేడినే. నీళ్లు వేడెక్కేకొద్దీ అందులో ఆక్సిజన్ తగ్గుతుంది, ఒంటికేమో ఇంకా ఎక్కువ కావాలి. ఈలోగా చర్మం మీద బ్యాక్టీరియా, ఫంగస్‌లకు పండగే. అప్పుడది అద్దం ఎక్కి బయటపడాలని గింజుకుంటుంది. దాన్ని వీడియో తీసి "చూశారా, ఎంత హుషారొచ్చిందో!" అని మళ్లీ అదే గ్రూపులో పెడతారు.

హీటర్ తీసి థర్మామీటర్ వేయండి. నీటి మీదికి చిన్న ఫ్యాన్ తిప్పితే కొన్ని డిగ్రీలు తగ్గుతుంది. చాలకపోతే గడ్డకట్టించిన నీళ్ల సీసా తేలేయండి. ఐసుముక్కలు కుమ్మరించొద్దు, ఒక్కసారిగా చల్లబడటమూ ప్రమాదమే.

ఆకలికీ ఉష్ణోగ్రతకూ సంబంధం ఉందన్న మాట మాత్రం నిజమే. నీళ్లు 50 కిందికి పోతే అరుగుదల మందగించి తిండి తగ్గిస్తుంది. చలికాలం బేస్‌మెంట్‌లో అలా అయితే ట్యాంకు పైకి తెచ్చుకోండి. దానికి హీటర్ దేనికి?

"పెల్లెట్లు (ఎండు మేత గుళికలు) తినేదాకా మూడు వారాలు పస్తుంచండి." బలంగా ఉన్న పెద్ద న్యూట్ వారం రోజులు తినకపోయినా ఏమీ కాదు. కానీ తోక మొదలు సన్నబడి, తుంటి ఎముకలు కనబడుతున్నదాన్ని, పిల్ల న్యూట్లని కూడా పస్తుంచమంటే ఏమనాలి?

"వానపాములు మురికి, వద్దు." ఒక్కటే తిండి పెట్టగలిగే పరిస్థితిలో పెట్టాల్సిందే అది! పురుగుమందు కొట్టని చోటివి తీసుకోండి. ఎరల షాపులో దొరికే నైట్‌క్రాలర్లూ (పెద్ద వానపాములు) పనికొస్తాయి, రంగు వేసినవి తప్ప. కంపోస్టులో ఉండే రెడ్ విగ్లర్లు అనే ఎర్ర వానపాములు ఘాటైన పసుపు ద్రవం వదులుతాయి, చాలా న్యూట్లు నోట్లో పెట్టుకుని ఉమ్మేస్తాయి. అది మొండితనం కాదు, చేదు.

వానపామును కడిగి, న్యూట్ తల వెడల్పు మించకుండా ముక్కలు కోయండి. మొన మొద్దుగా ఉన్న ట్వీజర్స్‌తో పట్టుకుని మూతికి అంగుళం దూరంలో కొంచెం కదిలించి ఆపండి. అది తల పక్కకి వంచి, వాసన చూసి, కాసేపు ఆలోచించి, టక్కున పట్టుకుంటుంది. ముక్కుకి పొడిస్తే వెనక్కి పోతుంది, అంతే. పెల్లెట్ అలవాటు చేయాలంటే కొన్ని నిమిషాలు నానబెట్టి, వానపాము ముక్క మింగిన వెంటనే అదే ట్వీజర్స్‌తో అందించండి. పెద్దవాటికి రెండు మూడు రోజులకోసారి చాలు: వారంలో రెండు పూటలు వానపాము, ఒక పూట కరిగించి వడకట్టిన ఫ్రోజెన్ బ్లడ్‌వార్మ్స్ (ఎర్రటి నీటిపురుగులు) లేదా బ్రైన్ ష్రింప్ (బుల్లి ఉప్పునీటి రొయ్యలు), దొరికితే బతికున్న డాఫ్నియా (నీటి ఈగలు).

ఆరోది, "చీకటి పడ్డాక పెట్టండి." సరిగ్గానే చెప్పారు. లైట్లు తగ్గాక పెట్టి, అరగంటకి మిగిలింది టర్కీ బేస్టర్‌తో (రబ్బరు బుడ్డి ఉన్న పెద్ద డ్రాపర్) లాగేయండి.